ఐజీఎస్టీ గడికి పేరు రావడం లేదా? ట్రాన్స్‌ఫార్మేషన్ల వరుస చూడండి

బరంపురం పట్టుచీరల కొట్లకీ, పర్లాకిమిడి, రాయగడ హోల్‌సేల్ కొట్లకీ మేమిచ్చే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి మూల మోడల్ (బిల్లులో ఏ గడులుండాలో చెప్పే నమూనా) ఒకటే. ఒడియా బిల్లు, తెలుగు బిల్లు, అరువు ఖాతా, అంతర్రాష్ట్ర అమ్మకం లాంటివి కొట్టువాళ్లు ఎంచుకునే ఫీచర్లు. అలాంటి ప్రతి తేడానీ ఒక ట్రాన్స్‌ఫార్మేషన్‌గా, అంటే మూల మోడల్‌ని మార్చే నియమాల కట్టగా రాసుకున్నాం. దాన్నే డెల్టా అనీ అంటాం.

సమస్య: ఏ ఫీచరైనా విడిగా బాగానే నడుస్తుంది. ఒడియా బిల్లు, అంతర్రాష్ట్ర అమ్మకం కలిపి ఎంచుకుంటే మాత్రం ఆంధ్రలోని ఇచ్ఛాపురం వ్యాపారికిచ్చే బిల్లులో ఐజీఎస్టీ గడికి పేరుండదు. ఎర్రర్ కూడా రాదు.

కారణం: ఒడిశాలోనే అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, సరుకు ఆంధ్రకి వెళ్తే ఐజీఎస్టీ. ఆ గడిని చేర్చేది అంతర్రాష్ట్ర ట్రాన్స్‌ఫార్మేషన్. ఒడియాది తను నడిచే వేళకి ఉన్న గడులకే పేర్లు పెడుతుంది. అది ముందు నడిస్తే, అప్పటికి ఐజీఎస్టీ గడి పుట్టనే లేదు. నియమానికి జోడీ (అది మార్చాల్సిన భాగం) మోడల్‌లో దొరక్కపోవడం టూల్ దృష్టిలో తప్పు కాదు, అందుకే ఊరుకుంటుంది.

పరిష్కారం: తయారైన మోడల్‌లో చేత్తో పేరు పెట్టకండి, మళ్లీ జనరేట్ చేయగానే అది పోతుంది. మేమూ మొదట అదే చేసి ఒక కొట్టువాళ్లని రెండుసార్లు ఇబ్బంది పెట్టాం. రెండింటినీ అటూ ఇటూ వరుస మార్చి నడిపి, వచ్చిన మోడళ్లను పోల్చండి. తేడా వస్తే "ఇది దాని తర్వాతే" అని డెల్టాలోనే రాయండి. గడులు చేర్చేవి ముందు, పేర్లు పెట్టేవి వెనక. హెన్షిన్ (మోడళ్లను మార్చే నియమాలు రాసే టూల్) వాడేవాళ్లకి క్రిటికల్ పెయిర్ విశ్లేషణ ఇలాంటి జంటలను నడపకముందే చూపిస్తుంది. తప్పక జోడీ దొరకాల్సిన నియమానికి సున్నా జోడీలు వస్తే పని ఆగిపోయేలా ఒక తనిఖీ పెట్టండి. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ కాపాడింది ఇదే.

రెండు ట్రాన్స్‌ఫార్మేషన్లూ ఒకే భాగాన్ని తీసేసి తమది పెడుతుంటే ఏ వరుసా కుదరదు. ఆ రెండూ కలిసి ఎంచుకున్నప్పుడు మాత్రమే నడిచే మూడో చిన్న డెల్టా రాయాలి.

సమస్య: పన్ను గడులే లేని బిల్లుకి అంతర్రాష్ట్ర అమ్మకం తగులుకుంటోంది.

కారణం: ఇక్కడ ట్రాన్స్‌ఫార్మేషన్ తప్పేం లేదు. కాంపోజిషన్ పథకం (చిన్న వ్యాపారులకి జీఎస్టీలో ఉన్న సులభ పద్ధతి) లోని వ్యాపారి వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు, బిల్లులో పన్ను వేయకూడదు. ఆ నిషేధం ఫీచర్ మోడల్‌లో (ఏ ఫీచర్లు ఉన్నాయో, వేటితో వేటిని ఎంచుకోవచ్చో చెప్పే పట్టికలో) లేదు.

పరిష్కారం: 1990లో వచ్చిన ఫోడా పద్ధతి నుంచీ ఫీచర్ మోడళ్లలో "ఇది ఉంటే అది ఉండకూడదు" అనే షరతుకి చోటుంది. దాన్ని అక్కడే రాయండి, ట్రాన్స్‌ఫార్మేషన్ లోపల ఇఫ్‌గా దాచకండి.

పరీక్షల మాట: షరతుల్లేని పది ఐచ్ఛిక ఫీచర్లకి 1,024 రకాల సాఫ్ట్‌వేర్ రూపాలు. జంటలు 45 మాత్రమే. ముందు జంటలు పరీక్షించండి.