‘లుక్ ఫర్’లో ‘ఫర్’ను వదలకూడదు

తెలుగులో ‘వెతుకు’ అనే ఒకే క్రియ రెండు పనులు చేస్తుంది. ‘తాళాలు వెతికాను’ అన్నప్పుడు తాళాలు మనకు కావలసిన వస్తువు. ‘ఇల్లంతా వెతికాను’ అన్నప్పుడు ఇల్లు మనం వెతికిన చోటు. రెండు చోట్లా మరో మాట అవసరం లేకపోవడం వల్ల ఇంగ్లీషులోనూ అదే అలవాటుతో ‘ఐ యామ్ లుకింగ్ మై కీస్’ అంటాం. ‘లుక్’ అంటే చూడడం మాత్రమే. ‘ఫర్’ తోడైతేనే దానికి వెతకడమనే అర్థం వస్తుంది కాబట్టి ‘ఐ యామ్ లుకింగ్ ఫర్ మై కీస్’ అనాలి.

సందేహం కలిగితే ముందు తెలుగు వాక్యంలో ‘కోసం’ పెట్టి చూడండి. ‘తాళాల కోసం వెతికాను’ అంటే అర్థం మారదు కనుక అక్కడ ‘ఫర్’ కావాలి. ‘ఇల్లు వెతికాను’ అనే మాట ‘ఇంటి కోసం వెతికాను’ అని మారితే మాత్రం అద్దె ఇంటి కోసం తిరిగినట్లు అవుతుంది. ‘సెర్చ్’ అనే క్రియకు ఈ పరీక్ష మరీ అవసరం: ‘ది పొలీస్ సెర్చ్‌డ్ హిమ్’ అంటే పోలీసులు అతణ్ని సోదా చేశారని, ‘సెర్చ్‌డ్ ఫర్ హిమ్’ అంటే అతని కోసం గాలించారని అర్థం. మొదటి వాక్యంలో మనిషి ఎదుటే ఉన్నాడు, రెండో వాక్యంలో అతని ఆచూకీ లేదు.

మనవాళ్లు ‘సంబంధాలు చూస్తున్నారు’, ‘ఉద్యోగం చూసుకుంటున్నాడు’ అనడం కూడా పొరపాటుకు దారితీస్తుంది. ఇక్కడి ‘చూడడం’ వెతకడమే కనుక దానిని ‘సీయింగ్’ అనకుండా ‘హీ ఈజ్ లుకింగ్ ఫర్ ఎ జాబ్’ అనాలి. ప్రశ్నలోనూ ‘ఫర్’ పోదు, వాక్యం చివరికి చేరుతుంది: ‘వాట్ ఆర్ యూ లుకింగ్ ఫర్?’ పిల్లలకు నేర్పేటప్పుడు ఈ ప్రశ్నను పదేపదే పలికించడం మంచిది, ఎందుకంటే ‘ఫర్’ ఎక్కువగా జారిపోయేది ఇక్కడే.

నిఘంటువులోనో పట్టికలోనో ఒక వివరం చూసుకోవడాన్ని మాత్రం ‘లుక్ అప్’ అంటారు. 1903లో రెండవ కూర్పుగా వెలువడిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో ఒక మాటకు అర్థం చూస్తే, అది ‘లుక్ అప్ ది వర్డ్’ అవుతుంది; ‘లుక్ ది వర్డ్ అప్’ అన్నా సరైనదే. మాటకు బదులు ‘ఇట్’ వాడితే అది తప్పనిసరిగా నడుమ చేరి ‘లుక్ ఇట్ అప్’ అవుతుంది. ‘లుక్ ఫర్’ ఇలా విడిపోదు, ‘లుక్ ఫర్ ఇట్’ అనే అనాలి.