తప్పులన్నీ ఎదుటివారివే అనిపిస్తున్నప్పుడు: సమస్య - పరిష్కారం

సమస్య: తోటి ఉద్యోగి పావుగంట ఆలస్యంగా వస్తే అతనికి బాధ్యత లేదనిపిస్తుంది, మనం అరగంట ఆలస్యమైతే మాత్రం వాన, రద్దీ, గాలి దిగిన టైరు సాక్ష్యానికి వరుస కడతాయి.

కారణం: మన ఇబ్బందులు మనకు మొదటి నుంచీ తెలుసు, ఎదుటివారివి తెలియవు. 1967లో జోన్స్, హారిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, క్యూబా నేత కాస్ట్రోను సమర్థిస్తూ కొన్ని, విమర్శిస్తూ కొన్ని రాసిన వ్యాసాలను కొందరి చేత చదివించారు. ఏ పక్షాన రాయాలో రచయితకు ముందే నిర్దేశించామని చెప్పినా, చదివినవారు ఆ రాతలో అతని సొంత అభిప్రాయాన్నే చూశారు. 1977లో లీ రాస్ ఈ పొరపాటుకు శాస్త్రీయమైన పేరు పెట్టారు. తెలుగువారు గురివింద గింజతో ఎప్పుడో సరిపెట్టుకున్నారు.

పరిష్కారం: అదే పని మనం చేసి ఉంటే చెప్పుకొనే సాకును ఎదుటివారికి అరువివ్వాలి. ఆ నిల్వకు మన దగ్గర కొరత ఉండదు.

సమస్య: "రేపటికల్లా ఇచ్చేస్తాను" అన్న పని నెలాఖరుకైనా తెమలదు.

కారణం: ఇది బద్ధకం కన్నా మొండి జబ్బు. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పరిశోధన వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 33.9 రోజుల్లో ముగిస్తామన్నారు. ఏదీ కలిసిరాకపోతే 48.6 రోజులన్నారు, చివరకు పట్టినవి 55.5 రోజులు. అంటే మనం ఊహించుకునే కష్టకాలం కూడా కాస్త ముద్దుగానే ఉంటుందన్నమాట.

పరిష్కారం: మనసును అడగడం మాని, కిందటిసారి ఎన్నాళ్లు పట్టిందో పాత క్యాలెండరును అడగాలి. "ఈసారి సంగతి వేరు" అనిపిస్తే, కిందటిసారి కూడా అలాగే అనిపించిందని గుర్తు చేసుకోవాలి.

సమస్య: ఇంటిపనిలో ఎవరి వాటా ఎంతో దంపతులను విడివిడిగా అడిగితే, మొత్తం నూరు శాతం దాటుతుంది.

కారణం: మాడిన గిన్నెను తోమిన చేతికే ఆ మాడు గుర్తుంటుంది.

పరిష్కారం: ఎదుటివారు చేసిన పనుల జాబితాను ముందు రాయాలి.

సమస్య: ఇది చదువుతుంటే మీకు ముగ్గురు బంధువులు గుర్తుకొచ్చారు గానీ, మీకు మీరు గుర్తుకు రాలేదు.

కారణం: ఇలాంటి పక్షపాతాలు ఇతరులకున్నంతగా తమకు లేవని మనుషులు నమ్ముతారని మనస్తత్వ శాస్త్రవేత్త ఎమిలీ ప్రోనిన్ బృందం 2002లో చూపింది.

పరిష్కారం: ఆ ముగ్గురికీ దీన్ని నిరభ్యంతరంగా పంపవచ్చు, చదివాక వారికి ఎవరు గుర్తుకొచ్చారో మాత్రం అడగకూడదు.