పాటను చెవితో విప్పి చూద్దాం – 5వ పాఠం: టేపు వేగం

ఈసారి గిటార్‌కి వెళ్లాల్సింది, వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠంలో ఇంగ్లిష్ బ్యాండు బీటిల్స్ పాట 'రెయిన్' ఇచ్చి డ్రమ్స్ గురించి రాయమంటే, దాదాపు అందరూ ఒకే మాట రాశారు: "డ్రమ్స్ నెమ్మదిగా, బరువుగా ఉన్నాయి." బరువు నిజమే. నెమ్మది మాత్రం కాదు. బ్యాండు డ్రమ్మర్ రింగో స్టార్ స్టూడియోలో వాయించింది మీరు విన్నదానికన్నా వేగంగా. ఈ రెండింటినీ విడదీసి వినడం రాకపోతే ముందుకెళ్లి లాభం లేదు.

1966 ఏప్రిల్ 14, 16 తేదీల్లో లండన్ ఎబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో రికార్డయిన పాట ఇది. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్. బ్యాండు వేగంగా వాయించింది, ఆ టేపును వేగం తగ్గించి తిప్పారు. పాట పాడిన జాన్ లెనన్ గొంతు విషయంలో పద్ధతి తిరగబడింది. టేపు నెమ్మదిగా తిరుగుతుండగా పాడించి, తర్వాత వేగం పెంచి వినిపించారు. కింద వాద్యాలు మందంగా, పైన గొంతు సన్నగా, పదునుగా ఉండటానికి కారణం ఇదే.

ఇక చాలామంది జారిపడిన చోటు. ఫోన్‌లో యాప్ పెట్టి ఏదో పాట వేగం తగ్గించి, "పాట సాగింది తప్ప డ్రమ్స్ బరువెక్కలేదు" అని రాశారు. దయచేసి ఈ పనికి ఆ యాప్‌లు వాడకండి. అవి లయను తగ్గిస్తాయి, శ్రుతిని మాత్రం కదలనివ్వవు. టేపు అలా కాదు. వేగం తగ్గితే లయ, శ్రుతి, నాదం మూడూ కలిసే దిగుతాయి. వేగం సగమైతే సరిగ్గా ఒక స్థాయి కిందికి, అంటే మధ్య షడ్జం మంద్ర షడ్జం అవుతుంది. సుమారు 6 శాతం తగ్గితే ఒక స్వరస్థానం (స్థాయిలోని పన్నెండింటిలో ఒకటి) దిగుతుంది, 100 సెకన్ల సంగీతం 106 సెకన్లు పడుతుంది. టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోవస్తుంటే గాయని గొంతు మగగొంతులా మారిపోయేది, గుర్తుందా? అదే ఇది. కంప్యూటర్‌లో చేసేవాళ్లు స్పీడ్ మార్చేది వాడండి, టెంపో మార్చేది కాదు.

డ్రమ్స్‌కి ఏమవుతుందో చూడండి. స్నేర్ (చురుగ్గా 'ఠప్'మనే చిన్న డ్రమ్) మీద పడిన దెబ్బ మోగి ఆగడానికి పట్టే కాలం కూడా సాగుతుంది. సింబల్ (కంచు పళ్లెం) మెరుపు తగ్గుతుంది. కాలితో వాయించే కిక్ డ్రమ్ పెద్దదైనట్టు ఉంటుంది. అదే డ్రమ్మర్ నిజంగానే నెమ్మదిగా వాయిస్తే దెబ్బల మధ్య ఖాళీ పెరుగుతుంది కానీ ఏ దెబ్బా సాగదు. కాబట్టి ఖాళీని వదిలేసి ఆ మోత చివరను వినండి. నేనైతే ముందు స్నేర్ ఒక్కటే వింటాను, బేస్ జోలికి తర్వాత వెళ్తాను.

ఈ పాట గురించి రాసేవాళ్లు ఎక్కువగా చివర్లో తిరగేసి వినిపించే గొంతు దగ్గరే ఆగిపోతారు. టేపును ఇంటికి తీసుకెళ్లి తిరగేసి పెట్టింది తానేనని లెనన్, ఆలోచన తనదని మార్టిన్ చెప్పుకున్నారు. ఆ తగువు నాకు ముఖ్యం కాదు. తన వాయింపులన్నిటిలో రింగో ఈ పాటకే పెద్దపీట వేశాడు. ఫిల్‌ను (వరుసల మధ్య వేసే చిన్న డ్రమ్ ముక్తాయింపును) నేరుగా డ్రమ్ మీద కాకుండా హై-హ్యాట్ (జంట సింబల్స్) మీద మొదలుపెట్టడం తనకు ఇందులోనే మొదటిసారి అన్నాడు. ఇంత పని జరిగిన పాట 'పేపర్‌బ్యాక్ రైటర్' సింగిల్‌కి (రెండువైపులా ఒక్కో పాట ఉండే చిన్న రికార్డుకి) వెనకవైపు వచ్చింది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ముందువైపు పాట 1వ స్థానానికి వెళితే ఇది 23 దగ్గర ఆగింది. బ్యాండు స్టూడియో ఆల్బమ్ వేటిలోనూ చేరలేదు కనుక ఆల్బమ్‌లు మాత్రమే వినేవాళ్లకు ఇప్పటికీ తగలదు.

అభ్యాసం. 2022లో వచ్చిన 'రివాల్వర్' ప్రత్యేక ఎడిషన్‌లో ఈ పాట 5వ టేక్ (ఐదోసారి వాయించి రికార్డు చేసినది) రెండు రకాలుగా ఉంది: వాయించిన అసలు వేగంలో ఒకటి, తగ్గించినది ఒకటి. హెడ్‌ఫోన్స్‌తో రెండూ వినండి. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని రెండింటి ఆధార శ్రుతీ పట్టుకుని, ఎన్ని స్వరస్థానాల తేడా ఉందో రాయండి. ట్యూనర్ యాప్ వద్దు, చెవితోనే. తర్వాత ఒక్కోదానిలో నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టి, వేగం ఎంత శాతం తగ్గిందో తేల్చండి. స్వరస్థానానికి 6 శాతం లెక్కన ఈ రెండు జవాబులూ ఇంచుమించు కలవాలి. కలవకపోతే పంపకండి, ముందు శ్రుతి మళ్లీ చూసుకోండి. పొరపాటు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.