రోబో వాక్యూమ్ మరమ్మతు – పాఠం 4: ఛార్జింగ్ ఎక్కదు, ఎక్కినా నిలవదు

పోయిన పాఠంలో బ్రష్షూ చక్రాలూ విప్పి, చుట్టుకున్న వెంట్రుకలూ పూలదండల దారాలూ లాగేశాం. ఆ పని చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవారు దయచేసి వెనక్కి వెళ్లండి. బిగుసుకున్న బ్రష్షును తిప్పడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, నింద బ్యాటరీ మీద పడుతుంది.

అది చేశాక కూడా రోబో ఇరవై నిమిషాలకే హాలు మధ్యలో చతికిలబడుతోందా? రాత్రంతా డాక్ (ఛార్జింగ్ కోసం ఎక్కి కూర్చునే పీట) మీద ఉండి కూడా పొద్దున్న కదలడం లేదా? వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. గోడలోంచి బయల్దేరిన కరెంటు స్విచ్చు, అడాప్టర్, డాక్, రేకులు, రోబో లోపలి బోర్డు దాటితే గాని బ్యాటరీ దాకా చేరదు. మనమూ ఆ దారినే నడుద్దాం. కావలసినవి ఒక మామూలు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు), స్టార్ స్క్రూడ్రైవర్, పెన్సిల్ రబ్బరు.

మొదట స్విచ్చు. నవ్వకండి. మా అత్తగారు పడుకోబోయే ముందు ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ కట్టేస్తారు. మా రోబో సాయంత్రం పని ముగించుకుని బుద్ధిగా డాక్ ఎక్కేది, రాత్రంతా కరెంటు లేని గోడను ఆనుకుని కూర్చునేది. రెండు వారాలు మేము బ్యాటరీని తిట్టుకున్నాం. కొన్ని నమూనాల్లో రోబోకే పక్కనో అడుగునో చిన్న స్విచ్చు ఉంటుంది. అది ఆపి ఉంటే ఛార్జింగ్ ఎక్కనివి కూడా ఉన్నాయి.

తరువాత అడాప్టర్. దాని మీది చీటీలో 'అవుట్‌పుట్' ఎదురుగా ఉన్న అంకె చూడండి. చాలావాటికి 19 లేదా 20 వోల్టులు ఉంటుంది. మీటరును డీసీ 200 దగ్గర పెట్టండి. 20 దగ్గర పెడితే, వోల్టులు 20కి చేరగానే చవక మీటర్లు కొలవలేక '1' చూపి ఊరుకుంటాయి, మనం అడాప్టర్ పోయిందనుకుంటాం. ఎర్ర తీగ పిన్ను లోపల, నల్ల తీగ బయటి అంచుకు ఆనించండి. ముందు మైనస్ గుర్తు వస్తే కంగారు వద్దు, తీగలు తారుమారయ్యాయంతే. చీటీలోని అంకెకు దగ్గరగా, కదలకుండా నిలబడితే ప్రస్తుతానికి అడాప్టర్‌ను నమ్మవచ్చు. అడాప్టర్ డాక్ లోపలే ఉండి, 230 వోల్టుల తీగ నేరుగా డాక్‌లోకి వెళ్లే రకమైతే దాన్ని విప్పకండి. ఆ పని ఈ పాఠాల పరిధిలోది కాదు.

ఇప్పుడు రేకులు. నా అనుభవంలో సగం జబ్బులు ఇక్కడే ఉంటాయి. డాక్ మీద రెండు, రోబో అడుగున రెండు మెరిసే రేకులు కనిపిస్తాయి. వాటిని టార్చి వెలుగులో ఏటవాలుగా చూడండి. మెరుపు పోయి నల్లటి పొర కట్టి ఉంటే అది రోజూ ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడు పడిన చిన్న నిప్పురవ్వల మచ్చ. తడిగుడ్డతో తుడిచే రోబోల్లో పచ్చటి చిలుము కూడా పడుతుంది. తీగ పీకి, రోబోను ఆపి, పెన్సిల్ రబ్బరుతో మెరుపు వచ్చేదాకా రుద్దండి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. గరుకు కాగితం మాత్రం వాడకండి. పైపూత లేచిపోతే చిలుము ఇంకా త్వరగా పడుతుంది. డాక్ రేకులు స్ప్రింగు మీద ఉంటే వేలితో నొక్కి వదలండి. ముగ్గుపిండో దుమ్మో ఇరుక్కుంటే అవి తిరిగి పైకి లేవవు.

ఇంకో పరీక్ష: రోబోను చేత్తో డాక్ మీద పెట్టి కొద్దిగా నొక్కి పట్టుకోండి. నొక్కినంతసేపు ఛార్జింగ్ లైటు వెలిగి, వదలగానే ఆరిపోతే బ్యాటరీ నిర్దోషి. డాక్ రేకుల మీద మీటరు సున్నా చూపినా తొందరపడి తీర్పు చెప్పకండి. రోబో వచ్చి కూర్చుంటేనే పూర్తి వోల్టేజీ వదిలే డాక్‌లు ఉన్నాయి.

ఇవన్నీ దాటాక బ్యాటరీ. రోబోను ఆపి, అడుగున మూత విప్పి, కనెక్టరును తీగలు పట్టుకుని కాకుండా ప్లాస్టిక్ ముక్కను పట్టుకుని లాగండి. చీటీ మీద లిథియం అయాన్, 14.4 వోల్టులు అని ఉంటే లోపల 3.6 వోల్టుల సెల్లులు నాలుగు వరుసగా ఉన్నట్టు. నిండుగా ఉన్నప్పుడు ఒక్కోటి 4.2, మొత్తం 16.8. డాక్ నుంచి దింపగానే 16 పైన చూపాలి. 12కి దిగిందంటే దాదాపు ఖాళీ. సున్నా చూపితే చచ్చిపోయిందని కాదు. సెల్లులు మరీ ఖాళీ అయినప్పుడు లోపలి రక్షణ బోర్డు దారి మూసేస్తుంది. సెలవులకు ఊరెళ్లి నెల తరువాత వచ్చినవారికి ఇలా ఎదురవుతుంది. మళ్లీ బిగించి కొన్ని గంటలు డాక్ మీద ఉంచితే చాలాసార్లు తేరుకుంటుంది. తేరుకోకపోతే మార్చండి. బోర్డును తప్పించి బయటి నుంచి కరెంటు ఎక్కించే ప్రయోగాలు మాత్రం చేయకండి, నిప్పు అంటుకుంటుంది.

అసలు చిక్కు ఏమిటంటే, ముసలి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు కుర్రదానిలాగే 16.5 చూపుతుంది. పని పడితేనే బండారం బయటపడుతుంది. 14.4 వోల్టులు, 2600 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-గంటలు) బ్యాటరీలో దాదాపు 37 వాట్-గంటల శక్తి ఉంటుంది. రోబో 30 వాట్లు వాడుతుందనుకుంటే 75 నిమిషాలు నడవాలి. కొన్నప్పుడు అంతసేపు నడిచి, శుభ్రమైన బ్రష్షుతో, అదే వేగంలో ఇప్పుడు 35 నిమిషాలకే ఆగిపోతుంటే సెల్లులు సగానికి పైగా అరిగాయన్నమాట. అప్పుడు కొత్తది కొనండి. వోల్టులు అవే ఉండాలి, కనెక్టరులో తీగల వరుసా అదే ఉండాలి. ఆకారం ఒకటే అయి వరుస మారిన బ్యాటరీలు కూడా అమ్ముతుంటారు, డబ్బు కట్టేముందు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఎండాకాలం సంగతి వేరు. బ్యాటరీ నుంచి వచ్చే మూడో తీగ సాధారణంగా వేడిని చెప్పేది. సుమారు 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్ ఆగిపోతుంది. రోహిణి కార్తెలో పడమటి ఎండ పడే గదిలో మధ్యాహ్నం ఎక్కని ఛార్జింగ్ రాత్రి ఎక్కుతోందంటే మార్చవలసింది డాక్ ఉన్న చోటు.

తీసేసిన బ్యాటరీ కొనలకు టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి, చెత్తబుట్టలో వేయకండి.

అభ్యాసం: అడాప్టర్ వోల్టులు, డాక్ నుంచి దింపగానే బ్యాటరీ వోల్టులు, అరగంట నడిపాక బ్యాటరీ వోల్టులు, ఈ మూడూ తేదీతో సహా నోటుపుస్తకంలో రాయండి. అయిదో పాఠంలో డాక్ ఎదురుగా ఉన్నా దారి తెలియక గుండ్రంగా తిరిగే రోబోను పట్టుకుందాం. దానికి ఫోన్ కెమెరా ఒక్కటి చాలు.