రాక్ బ్యాలడ్లు నేర్చుకోవడం ఎలా? చిన్న గిటార్ కొనడం దగ్గర్నుంచి మొదటి పాటల దాకా

రాక్ బ్యాలడ్లు, అంటే నిదానంగా సాగే రాక్ పాటలు, వాయించాలని గిటార్ పట్టినవాళ్లలో చాలామంది ముందు కార్డులు (కొన్ని స్వరాల్ని కలిపి పలికించే ఎడమచేతి పట్లు) బట్టీ పడతారు. నా మట్టుకు నేను కుడిచెయ్యి ముందంటాను. ఆ పాటల అందమంతా ఒక్కో తీగనీ విడివిడిగా, నిదానంగా మీటడంలోనే ఉంది. మెత్తగా మీటినా స్పష్టంగా పలికి, ఒళ్లో ఒదిగిపోయే చిన్న గిటార్ దానికి సరిగ్గా సరిపోతుంది. చెన్నైలో ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి, పక్క ఫ్లాట్ వాళ్లకి ఇబ్బంది లేకుండా వాయించుకోవాలన్నా అదే మేలు.

షాపుల్లో ఎక్కువగా కనిపించేది డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ గిటార్. దాని కింది భాగం వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు. స్ట్రమ్మింగ్‌కి (తీగలన్నీ ఒకేసారి మీటడానికి) బ్రహ్మాండంగా ఉంటుంది కానీ, పొట్టిగా ఉన్నవాళ్లకి కుడిభుజం పైకి లేచిపోయి కాసేపటికే నొప్పి మొదలవుతుంది. ట్రిపుల్ ఓ సైజు సుమారు 38 సెంటీమీటర్లు, డబుల్ ఓ 36, పార్లర్ ఇంకా సన్నం. తీగ పొడవు (మీటితే కంపించే భాగం) కూడా అడగండి. యమహా ఎఫ్‌జీ రకానికి 650 మిల్లీమీటర్లయితే, చిన్న బాడీ ఎఫ్‌ఎస్‌కి 634, టేలర్ జీఎస్ మినీకి సుమారు 597. పొడవు తగ్గితే ఫ్రెట్లు (మెడ మీది అడ్డ లోహపు గీతలు) దగ్గరవుతాయి, తీగ బిగువూ తగ్గుతుంది, వేళ్లకి సుఖం.

చవగ్గా దొరికే '38 అంగుళాల' గిటార్లతో మాత్రం జాగ్రత్త. ఆ అంకె గిటార్ మొత్తం పొడవు, తీగ పొడవు కాదు. వాటిలో కొన్నిటికి మెడ లోపల ట్రస్ రాడ్ ఉండదు. ఆ ఉక్కు కడ్డీ లేకపోతే మెడ వంగినప్పుడు సరిచేయడం కష్టం. కొనేముందే అడిగి తెలుసుకోండి.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకుండా, అన్నా సాలై మీద 1842 నుంచి నడుస్తున్న మ్యూజీ మ్యూజికల్ లాంటి చోటికి వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. చేతుల్లేని కుర్చీలో కూర్చుని పది నిమిషాలు ఒళ్లో ఉంచుకోండి, భుజం సంగతి తెలిసిపోతుంది. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ (అన్నిటికంటే లావుది) ఎంత ఎత్తులో ఉందో చిన్న స్కేలుతో కొలవండి. రెండున్నర మిల్లీమీటర్లు హాయి, మూడు దాటితే ఎత్తు సరిచేసి (సెటప్) ఇవ్వమనండి. ప్రతి ఫ్రెట్‌నీ నొక్కి మీటి, ఎక్కడైనా జరజరమంటుందేమో వినండి. ఈ పని మొహమాటం లేకుండా చేయాలి.

సముద్రపు గాలి వల్ల ఇక్కడ తీగలు త్వరగా తుప్పు పడతాయి. తేమకి చెక్క ఉబ్బి తీగల ఎత్తూ పెరుగుతుంది. వాయించాక తీగల్ని పొడిగుడ్డతో తుడిచి, కేసులో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి మూసేయండి.

ఇక కుడిచెయ్యి. బొటనవేలికి ఆరు, ఐదు, నాలుగు తీగలు, చూపుడువేలికి మూడోది, మధ్యవేలికి రెండోది, ఉంగరపువేలికి ఒకటోది. మెటాలికా 1991లో విడుదల చేసిన 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' ఆరంభంలో ఎడమచేతికి పనే లేదు. ఆరు, మూడు, రెండు, ఒకటి, రెండు, మూడు: ఈ వరసలో ఖాళీ తీగల్నే మీటాలి. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, దెబ్బకో తీగ చొప్పున ఆరూ ఒకే బలంతో పలికేదాకా అక్కడే ఉండండి. బొటనవేలు మిగతావాటిని మింగేస్తే ఇంకా కుదరనట్టే. ఇళయరాజా పాటలు విని పెరిగిన చెవికి ఈ విడివిడి మీటు కొత్తేమీ కాదు. ఆయన పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నదీ ఈ ఊళ్లోనే, ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర.

తర్వాత కార్డులకి బాబ్ డిలాన్ 1973 నాటి 'నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్' పట్టండి. జీ, డీ, ఏ మైనర్ ఒకసారి, జీ, డీ, సీ ఇంకోసారి, అంతే పాట. వేళ్లు ఫ్రెట్ లోహానికి ఆనుకుని, కాస్త వెనక నొక్కితే తక్కువ బలం సరిపోతుంది. అది కుదిరాక కాన్సస్ వాళ్ల 'డస్ట్ ఇన్ ద విండ్' (1977). ఇందులో సీ కార్డ్ మీద బొటనవేలు ఐదో తీగకీ నాలుగో తీగకీ మధ్య ఆగకుండా ఊగుతుంటే, మిగతా వేళ్లు మధ్యలో స్వరాలు వేస్తాయి. ముందు బొటనవేలిని ఒంటరిగా నడిపించండి. మీరు మాట్లాడుతున్నా అది తప్పకుండా నడిస్తేనే మిగతా వేళ్లని కలపండి. ఈ పాటకి తొందరపడొద్దు.

రికార్డింగ్‌తో కలిపి వాయించేటప్పుడు శ్రుతి కలవకపోతే కంగారుపడకండి. ఎక్స్‌ట్రీమ్ బృందం 'మోర్ దేన్ వర్డ్స్' లాంటివి అన్ని తీగల్నీ అరస్వరం దించి వాయించినవి. చిన్న గిటార్ మీద అలా దించితే తీగ వదులై జరజరమనవచ్చు. అప్పుడు 11 బదులు 12 లేదా 13 గేజ్ (ఇంకాస్త లావు తీగల) సెట్ వేయించండి.