ఇర్వింగ్‌లో చార్టర్ స్కూలా, జోన్డ్ స్కూలా? లాటరీకి ముందు చూడాల్సినవి

డాలస్ వైపు కొత్తగా వచ్చి ఇర్వింగ్‌లో ఇల్లు వెతుకుతున్నారా, అయితే ముందు ఒక పని చేయండి. ఊరు ఒక్కటే అయినా అడ్రస్‌ని బట్టి పిల్లలు ఇర్వింగ్ ఐఎస్‌డీకి (ఐఎస్‌డీ అంటే స్కూల్ డిస్ట్రిక్ట్) వెళ్లొచ్చు, కొప్పెల్ డిస్ట్రిక్ట్‌కి వెళ్లొచ్చు, కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ డిస్ట్రిక్ట్‌కీ వెళ్లొచ్చు. లీజు మీద సంతకం పెట్టకముందే మీ జోన్డ్ స్కూల్, అంటే ఆ అడ్రస్‌కి కేటాయించిన పబ్లిక్ స్కూల్, ఏదో తెలుసుకోండి, చార్టర్‌ని పోల్చాల్సింది దానితోనే.

చార్టర్ అంటే ప్రైవేటని చాలామంది అనుకుంటారు. కాదండీ, అదీ పబ్లిక్ స్కూలే, ఫీజు ఉండదు, సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువైతే లాటరీ తీస్తారు. ఇక్కడ అప్‌లిఫ్ట్ నార్త్ హిల్స్‌లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్) పద్ధతి, గ్రేట్ హార్ట్స్‌లో లాటిన్ కూడా నేర్పే క్లాసికల్ పద్ధతి. మీ పిల్లకి ఏది నప్పుతుందన్నది ర్యాంకు చెప్పదు.

టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ప్రతి స్కూల్‌కీ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. అక్కడే ఆగిపోకండి. పిల్లల మార్కులు, ఏడాదిలో వాళ్ల ఎదుగుదల, ఈ రెండిట్లో ఏది మెరుగైతే దానికి 70 శాతం వెయిట్ ఉంటుంది, అందుకే ఒకే ‘ఏ’ వచ్చిన రెండు స్కూళ్లు లోపల వేరువేరుగా ఉండొచ్చు. టెక్సాస్ రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్ష మూడో క్లాసు నుంచి మొదలవుతుంది కాబట్టి మూడు, నాలుగు, ఐదు క్లాసుల లెక్కల ఫలితాలు తీసి, ‘అప్రోచెస్’ (పాస్‌కి కనీస స్థాయి) కాదు, ‘మీట్స్’ (క్లాసుకి తగ్గ స్థాయి), ‘మాస్టర్స్’ (అన్నిటికన్నా పై స్థాయి) శాతాలు రెండు స్కూళ్లవీ పక్కపక్కన రాసుకోండి. కనీసం రెండు మూడేళ్లవి. చాలా క్యాంపస్‌లు నడిపే చార్టర్ నెట్‌వర్క్ మొత్తానికి వచ్చిన గ్రేడ్ వేరు, మీ క్యాంపస్‌కి వచ్చింది వేరు, ఇది మాత్రం మర్చిపోవద్దు. టీచర్ల అనుభవం ఎన్నేళ్లో కూడా ఏజెన్సీ రిపోర్టుల్లోనే దొరుకుతుంది.

మేం ఇవేవీ చూడలేదు. గ్రేడ్ చూసి ఒక చార్టర్‌లో చేర్చాం. బస్సు లేదని చేరాకే తెలిసింది. ఏడాదంతా నేను మధ్యాహ్నం మీటింగ్ మధ్యలో లేచి వెళ్లి, పిల్లల్ని ఎక్కించుకునే కార్ లైన్‌లో నిలబడ్డాను, పాప వెనక సీట్లో లంచ్ బాక్స్ ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేది. అందుకే చెప్తున్నా, స్కూల్ వదిలే టైముకి ఒకసారి అక్కడికి వెళ్లి ఆ లైన్ చూసి రండి.

లాటరీలో పేరు రాకపోతే టెన్షన్ పడకండి. జోన్డ్ స్కూల్‌లో చేర్పించేసి వెయిట్‌లిస్ట్‌లో పేరు ఉంచండి, క్లాసులు మొదలయ్యాక కూడా పిలుపు రావచ్చు.