నడుస్తున్న మ్యాచ్‌లో ధరలు చదవడం – 3వ పాఠం: రెండు వైపులా సమం చేయడం

గత రెండు పాఠాల్లో క్రికెట్ పందేల్లో ధర, బ్యాక్, లే అంటే ఏమిటో చూశాం. ఇంగ్లండ్ ధర 2.50 ఉందంటే, ఆ జట్టు గెలిస్తే పెట్టిన ప్రతి పౌండుకూ 2.50 చేతికొస్తుంది. 1ని 2.50తో భాగించగా వచ్చే 40 శాతమే దాని గెలుపు అవకాశమని మార్కెట్ లెక్క. జట్టు గెలుస్తుందని పెట్టేది బ్యాక్, గెలవదని పెట్టేది లే. మన దగ్గర బుకీలు లగాయి, ఖాయి అనేవి కూడా ఇవే. 2000లో బ్రిటన్‌లో మొదలైన బెట్‌ఫెయిర్ లాంటి ఎక్స్ఛేంజ్‌లో మీ ఎదుట ఉండేది బుకీ కాదు, మీలాంటి మరో మనిషి. తెర మీద నీలం గడి బ్యాక్ ధర, గులాబీ గడి లే ధర.

ఈ పాఠాలు బ్రిటన్‌లో ఉంటున్న, 18 ఏళ్లు నిండిన తెలుగువాళ్ల కోసం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్ర చట్టం దేశమంతటా నిషేధించింది. అందుకని ఇండియాలో ఉండి చదివేవాళ్లు చివర్లో ఉన్న కాగితం కసరత్తు వరకే చేయండి. లెక్క పట్టుబడడానికి అది చాలు.

ఇక అసలు విషయం. ఇంగ్లండ్ మీద 2.50 ధరకు 100 పౌండ్లు బ్యాక్ చేశారు. గెలిస్తే 150 లాభం, ఓడితే 100 నష్టం. నాలుగు ఓవర్లు బాగా సాగి గులాబీ గడిలో ధర 1.80కి దిగింది. మ్యాచ్ ఎవరిదైనా ఒకే మొత్తం మిగలాలంటే ఎంతకు లే చేయాలి?

పెట్టిన సొమ్మును కొన్న ధరతో గుణించి, ఇప్పటి ధరతో భాగించాలి. 100 × 2.50 ÷ 1.80 = 138.89 పౌండ్లు. ఇంగ్లండ్ గెలిస్తే ఈ లే మీద 138.89 × 0.80 (ధర 1.80లోంచి 1 తీసేస్తే 0.80) = 111.11 కట్టాలి. మొదటి పందెంలో వచ్చిన 150లోంచి అది తీసేస్తే 38.89. ఇంగ్లండ్ ఓడితే 100 పోయి 138.89 వస్తుంది. అప్పుడూ 38.89. ఎక్స్ఛేంజ్ లాభంలోంచి తీసుకునే కమిషన్ 5 శాతం అనుకుంటే 1.94 పోయి 36.95 చేతిలో ఉంటుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 100కు బ్యాక్ చేశాం కాబట్టి 100కే లే చేస్తే సరిపోతుందనుకుంటారు. అలా చేస్తే గెలిస్తే 70, ఓడితే సున్నా. తెలిసి చేస్తే అదీ ఒక పద్ధతే. సమం చేశాననుకుని నిశ్చింతగా కూర్చుంటే మాత్రం ఇంగ్లండ్ ఓడిన రోజు ఖాతాలో ఏమీ కనిపించదు.

ధర 1.80కి దిగకుండా 4.00కి పెరిగితే? 250 ÷ 4.00 = 62.50కి లే చేయాలి. ఎటు తిరిగినా 37.50 నష్టం. 2.50 నుంచి 1.80 చిన్న దూరంలా, 2.50 నుంచి 4.00 పెద్ద దూరంలా కనిపిస్తాయి. కానీ శాతాల్లోకి మార్చి చూడండి. 40 నుంచి 55.56కి వెళ్లడం, 40 నుంచి 25కి పడడం దాదాపు సమానం. 250ని 15.56 శాతంతో గుణిస్తే 38.89, 15 శాతంతో గుణిస్తే 37.50. అందుకే దశాంశ ధరలను చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. ప్రతి ధర పక్కనా శాతం రాసుకోండి. మీరు కొంటున్నదీ అమ్ముతున్నదీ ఆ శాతాన్నే.

ఎప్పుడు చేయాలన్నది లెక్క కంటే కష్టమైన ప్రశ్న. టీవీలో మీరు చూసే బంతి మైదానంలో పడి అప్పటికే కొన్ని సెకన్లు అయింది. ఫోన్‌లో స్ట్రీమింగ్ అయితే ఇంకా ఆలస్యం. దానికి తోడు, మీరు బటన్ నొక్కాక ఎక్స్ఛేంజ్ కూడా కొన్ని సెకన్లు ఆపి గానీ ఆర్డర్ తీసుకోదు. బౌలర్ పరుగెత్తుకొస్తుండగా మీకు ఊరించే ధర దొరికిందంటే, మీకంటే ముందు ఆ బంతి చూసినవాడు దాన్ని మీకు అంటగట్టి ఉండొచ్చు. ఓవర్ల మధ్య విరామంలోనే ఆర్డర్ పెట్టడం ఉత్తమం. అంతర్జాతీయ వన్డేలు, టీ20ల్లో ఓవర్ల మధ్య 60 సెకన్ల గడియారం ఉంది. ఆ వ్యవధిలో ఆట ఆగి ఉంటుంది కాబట్టి ధర కూడా కుదురుగా ఉంటుంది. ఆ నిమిషంలో చూడాల్సింది స్కోరు ఒక్కటే కాదు, ఇక ఎవరి ఓవర్లు మిగిలాయన్నది కూడా. టీ20లో ఒక బౌలర్‌కు 4 ఓవర్లే. మంచి బౌలర్ కోటా 17వ ఓవర్‌తో అయిపోతే, కావాల్సిన రన్‌రేట్ అంతే ఉన్నా ఛేదన తేలికవుతుంది.

నష్టాన్ని ఫలానా ధర దగ్గర ఆపేస్తానని ముందే గీత గీసుకోవడం మంచిదే, కానీ దాన్నే నమ్ముకోకూడదు. క్రికెట్‌లో ధర మెట్టుమెట్టుగా దిగదు, దూకుతుంది. వికెట్ పడగానే మార్కెట్ ఆగిపోవచ్చు. మళ్లీ తెరిచేసరికి మీ గీత ఎక్కడో వెనకబడిపోయి ఉంటుంది. 2016 ఏప్రిల్ 3న ఈడెన్ గార్డెన్స్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ గుర్తుచేసుకోండి. చివరి ఓవర్‌లో వెస్టిండీస్‌కు 19 పరుగులు కావాలి. స్టోక్స్ వేసిన తొలి నాలుగు బంతులనూ బ్రాత్‌వైట్ సిక్సర్లుగా మలిచాడు. ఆ ఓవర్‌కు ముందు ఇంగ్లండ్‌ను పట్టుకుని కూర్చున్నవాళ్లకు బంతికీ బంతికీ మధ్య బయటపడే సందు ఎంత దొరికి ఉంటుందో ఊహించండి.

అందుకే 1.05 లాంటి ధరలంటే మాకు భయం. 100కు వచ్చేది 5, పోయేది 100. కమిషన్ లేకుండానే, ఒక్క ఓటమిని పూడ్చడానికి 20 గెలుపులు కావాలి. 5 శాతం కమిషన్ తీస్తే చేతికొచ్చేది 4.75 కాబట్టి 21 గెలిచినా పూర్తిగా పూడదు. ‘ఇది ఖాయం’ అనిపించే చోటే ఈ లెక్క ఒకసారి వేయాలి.

ఇంకో నిజం ముందే తెలిసి ఉండాలి. ఎక్స్ఛేంజ్‌లో ఒకరి లాభం ఇంకొకరి నష్టమే. అందులోంచి కమిషన్ బయటికి పోతుంది గనక ఆడేవాళ్లందరినీ కలిపి చూస్తే మిగిలేది నష్టమే. ఇంటి అద్దె, బడి ఫీజు, అప్పు సొమ్ము దీని దరిదాపులకు రాకూడదు. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కట్టనివ్వరు. చేయి ఆగడం లేదనిపిస్తే, పందేలకు దూరంగా ఉండాలనుకునేవాళ్ల కోసం ఉన్న గామ్‌స్టాప్‌ అనే జాబితాలో నమోదు చేసుకోండి. బ్రిటన్ లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ సంస్థలన్నీ మిమ్మల్ని దూరం పెడతాయి.

కాగితం కసరత్తు: పుస్తకంలో ఐదు నిలువు గడులు గీయండి. ఓవర్, స్కోరు, మీ అంచనా శాతం, మీరైతే ఏం చేసేవారు, రెండు ఓవర్ల తర్వాత అంచనా. స్కోరు చూసి ప్రతి ఓవర్ విరామంలో నింపండి. ముందు రాసినదాన్ని తర్వాత దిద్దవద్దు. పది మ్యాచ్‌లు పూర్తయ్యాక, మీరు 70 శాతం అన్న సందర్భాల్లో ఆ జట్టు నిజంగా ఎన్నిసార్లు గెలిచిందో లెక్కపెట్టండి.

దాంతోపాటు రెండు లెక్కలు. 3.00 ధరకు 60 బ్యాక్ చేశాక లే ధర 2.40 అయింది. 75కి లే చేస్తే రెండు వైపులా 15 వస్తుందని చేసి చూసుకోండి. రెండోది తిరగేసిన లెక్క: 1.60కి 50 ముందే లే చేశారు, బ్యాక్ ధర 2.00కి పెరిగింది. ఎంత బ్యాక్ చేయాలి? జవాబు వచ్చే పాఠంలో. అందులోనే వాన పడినప్పుడు డీఎల్‌ఎస్ పార్ స్కోరు ధరను ఎలా కదుపుతుందో చూద్దాం.